పద్దు ముందు, పండగ తర్వాత

చైత్ర పౌర్ణమి నాటి కరగ పండగ రాత్రి బెంగళూరు నగర్తపేటకు నిద్ర ఉండదు. ధర్మరాయస్వామి గుడి ముందు కత్తులు పట్టిన వీరకుమారులు బారులు తీరతారు. అర్ధరాత్రి దాటాక, మల్లెపూలు కప్పిన కరగ కలశాన్ని తలకెత్తుకుని పూజారి గుడి దాటి వస్తాడు. పాత పేటల సందులన్నీ తిరిగి, కాటన్‌పేటలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి, తెల్లారేసరికి ఊరేగింపు మళ్లీ గుడికి చేరుతుంది. కన్నడం, తెలుగు, తమిళం కలగలిసి వినిపించే ఆ జనంలో ఆ రాత్రి ఖర్చెంత అని ఎవరూ అడగరు. కానీ దీపాలకు, పూలకు, అన్నదానానికి, అడ్డుకట్టలకు ఎవరో ఒకరు డబ్బు కట్టే ఉంటారు. గుడి ప్రభుత్వ ముజరాయి (దేవాదాయ) శాఖ కింద ఉంది కాబట్టి హుండీ ఎవరు తెరవాలి, ఎవరి ముందు లెక్కపెట్టాలి అన్నదానికి ఒక పద్ధతి ఉంది.

అదే పేటలో ఓ బట్టల కొట్టు పై అంతస్తులో పన్నెండు మంది చాప మీద కూర్చుని తెలుగు సాహిత్య సమ్మేళనం పెట్టాలని మాట్లాడుకుంటున్నారని అనుకోవాలి. ఇది ఊహించిన సంఘమే గానీ, ఇలాంటిది ప్రతి ఊళ్లోనూ ఉంది. ఒకరు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఒకరికి ప్రింటింగు ప్రెస్సు ఉంది, ఒకరు బడిపంతులు. ఉత్సాహానికి లోటు లేదు. అతిథుల పేర్లు అరగంటలో తేలిపోయాయి. డబ్బు మాట వచ్చేసరికి మాత్రం, "అదెంతసేపు లెండి, మనవాళ్లే కదా, చూసుకుందాం" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

సంఘాలు చీలేది ఈ "చూసుకుందాం" దగ్గరే. సాహిత్య సభల్లో దొంగలు అరుదు. రాసిపెట్టని లెక్కలే ఎక్కువ. ఆర్నెల్ల తర్వాత భోజనాల ఖర్చు అంతెందుకైందని ఎవరో అడుగుతారు. కాగితం ఉండదు. జేబులోంచి కూడా కొంత వేసుకుని పరిగెత్తిన మనిషే అనుమానం పాలవుతాడు. మరుసటి ఏడాది ఆయన రాడు. ఆయన్ని తీసుకొచ్చిన నలుగురూ రారు. డబ్బు చేతికి రాకముందే, అందరూ ఇంకా స్నేహంగా ఉన్నప్పుడే, నియమాలు రాసుకోవడం అందుకే అవసరం.

మొదటి పని: తీర్మానం

నియమాలు ముందే ఎందుకు రాసుకోవాలో పెద్ద సంస్థల పుట్టుక చూస్తే అర్థమవుతుంది. కేంద్ర సాహిత్య అకాడెమీ 1954 మార్చి 12న మొదలైంది. ప్రభుత్వం నెలకొల్పిన సంస్థే అయినా, 1956 జనవరి 7న సంఘాల చట్టం కింద రిజిస్టరయింది. అప్పటి అధ్యక్షుడు సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూ. అంత పెద్ద మనిషి ఉన్నా సర్వసభ్య మండలి, కార్యవర్గం, ఆర్థిక సంఘం వేరువేరుగా ఏర్పాటయ్యాయి. కార్యక్రమం కోరేవారు ఒకరు, డబ్బు ఉందో లేదో చూసేవారు మరొకరు. ఆ అకాడెమీ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం బెంగళూరులోనే ఉంది.

బెంగళూరులోనే 1915లో పుట్టిన కన్నడ సాహిత్య పరిషత్తు అదే ఏడాది తొలి సమ్మేళనం జరిపింది. 87వ సమ్మేళనం 2024 డిసెంబరులో మండ్యలో జరిగింది. తెలుగువారి సంగతి చూస్తే, తొలి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో జరిగాయి. ఆ తర్వాత 1981లో కౌలాలంపూర్, 1990లో మారిషస్, 2012లో తిరుపతి, 2017లో మళ్లీ హైదరాబాదు. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఇరవై రెండేళ్ల ఎడం ఉంది. ఒక సమ్మేళనం ఘనంగా చేయడం వేరు, ఏళ్ల తరబడి నిలబెట్టడం వేరు. రెండోదానికి ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి చేతిలోకి సాఫీగా మారే లెక్కల పుస్తకం కావాలి.

చాప మీద కూర్చున్న ఆ పన్నెండు మందీ మినిట్స్ పుస్తకంలో మొదటి రోజే ఐదు విషయాలు రాసుకోవాలి. సమ్మేళనం ఎందుకు, ఎన్ని రోజులు. గరిష్ఠ ఖర్చు ఎంత. చెక్కుల మీద ఏ ఇద్దరు సంతకం పెట్టాలి. ఎంత మొత్తం దాటితే కార్యవర్గం మళ్లీ కూర్చోవాలి. డబ్బు తగ్గితే దేన్ని ముందు తగ్గించాలి.

ఈ ఐదోదాన్ని చాలామంది వదిలేస్తారు. అవసరం పడేది మాత్రం దానితోనే. వేదిక అలంకరణ తగ్గిస్తామా, రెండో రోజు భోజనం తగ్గిస్తామా, కళాకారుల పారితోషికం తగ్గిస్తామా? సభకు వారం ముందు, కంగారులో ఈ నిర్ణయం తీసుకుంటే కోత పడేది ఎప్పుడూ కళాకారుల మీదే. నోరెత్తి అడగలేనిది వాళ్లే. అందుకే పారితోషికం చివరగా తగ్గాలని మొదటి రోజే రాసుకోవాలి.

బడ్జెట్టు: కోరికల జాబితా కాదు

ఆ సంఘం రెండు రోజుల సమ్మేళనానికి ఇలా అంచనా వేసుకుందని అనుకోవాలి. రోజుకు 200 మందికి, మనిషికి 300 రూపాయల చొప్పున రెండు రోజుల భోజనాలకు 1,20,000. హాలు అద్దె, మైకు సెట్టు, లైట్లు కలిపి 90,000. పై ఊళ్ల నుంచి వచ్చే ఎనిమిది మంది అతిథుల ప్రయాణానికి 60,000. వాళ్లకు రెండు రాత్రుల బసకు 40,000. పన్నెండు మంది వక్తలకు, కళాకారులకు తలా ఐదు వేల చొప్పున 60,000. ఆహ్వానాలు, ప్రత్యేక సంచికకు 50,000. శాలువాలు, జ్ఞాపికలకు 20,000. స్థానిక రవాణాకు 15,000. ఆడిటరుకు, బ్యాంకు ఖర్చులకు 10,000. మొత్తం 4,65,000. అనుకోని ఖర్చులకు 35,000 పక్కన పెడితే లెక్క ఐదు లక్షలకు చేరుతుంది.

ఇక రాబడి. ప్రతినిధుల రుసుం 150 మంది నుంచి 500 చొప్పున 75,000. సభ్యుల విరాళాలు 2,25,000. వ్యాపారస్తుల విరాళాలు 2,00,000. ప్రభుత్వ గ్రాంటు వస్తుందని ఎవరో మంత్రిగారి పి.ఎ. చెప్పారట. మంజూరు పత్రం చేతికి వచ్చేదాకా ఆ డబ్బు ఈ కాగితం మీదికి రాకూడదు. వస్తుందన్న నమ్మకంతో హాలు స్థాయి పెంచి, తర్వాత కోశాధికారి ఇంటి నగలు తాకట్టులోకి వెళ్లే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ప్రతి అంకె పక్కనా ఒక పేరు ఉండాలి. భోజనాలకు ఫలానావారు, బసకు ఫలానావారు. తమ పద్దు దాటిపోతుంటే ఆ మనిషి ముందుగా చెప్పాలి. ఒక పద్దులో మిగిలింది మరో పద్దులోకి మార్చాలంటే కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంతకన్నా పెద్ద వ్యవస్థ చిన్న సంఘానికి అక్కర్లేదు.

హుండీ వేరు, విరాళాల పెట్టె వేరు

ధర్మరాయస్వామి హుండీలో వేసినవారి పేరు ఎవరికీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. పూర్తిగా మత సంబంధమైన సంస్థలకు వచ్చే గుప్త విరాళాల మీద ప్రత్యేక పన్ను పెట్టలేదు. అదే పద్ధతి సాహిత్య సంఘానికి కుదరదు. సభా ద్వారం దగ్గర తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టి, పేర్లు లేకుండా డబ్బు పోగుచేస్తే 1961 ఆదాయపు పన్ను చట్టం దాన్ని గుప్త విరాళంగానే చూసింది. మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, వీటిలో ఏది ఎక్కువైతే అది దాటిన గుప్త విరాళం మీద 30 శాతం పన్ను. పెట్టె పెట్టినా పక్కన రసీదు పుస్తకం, ఒక మనిషి ఉండాలి. దాత పేరు, చిరునామా రాసుకోవాలి.

ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు కొన్ని ఇప్పుడు మారాయి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత సంఖ్యలతో అచ్చువేసిన రసీదు పుస్తకాలు బీరువాలో మిగిలి ఉంటే, వాటిని వాడేముందు ఆడిటరుకు చూపించడం మంచిది.

విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే, పాత చట్టంలోని 80జి అన్న మాట దాతలందరికీ తెలుసు. దాని షరతులు తెలిసినవారు తక్కువ. రెండు వేల రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇస్తే దాతకు ఆ మినహాయింపు రాదు. వస్తువు రూపంలో ఇచ్చినదానికీ రాదు. ప్రత్యేక సంచిక ఉచితంగా అచ్చువేసిన ప్రెస్సు యజమాని పేరు వస్తు విరాళాల పుస్తకంలో ఎక్కించి కృతజ్ఞతాపత్రం ఇవ్వాలి. ఆయనకు డబ్బు ఇచ్చినట్టు రసీదు రాయకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు 80జి లాభం అసలు లేదు. "పన్ను తగ్గుతుంది, ఇవ్వండి" అని అడిగే కార్యకర్త ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. లేకపోతే జులైలో పన్ను రిటర్ను వేసేటప్పుడు దాత ఫోన్ చేసి నిలదీస్తాడు.

80జి గుర్తింపు ఉన్న సంఘం ఏటా మే 31 లోపు దాతల వివరాలతో 10బీడీ పత్రం దాఖలు చేసి, ఒక్కొక్కరికీ 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుం పెట్టారు. దీనికి దాత పాన్ నంబరు లాంటి గుర్తింపు వివరం కావాలి. రసీదు రాసే చోటే అడిగితే పది సెకన్ల పని. ఏడాది గడిచాక వందమందికి ఫోన్లు చేయడం నెల రోజుల పని.

మరి బోర్డు మీద దాత పేరు వేయవచ్చా? 2019 అక్టోబరు 11 నాటి జీఎస్టీ సర్క్యులర్ దీనికి స్పష్టమైన గీత గీసింది. కృతజ్ఞతగా పేరు రాయడం సేవ కిందికి రాదు. పేరుతోపాటు కొట్టు చిరునామా, వస్తువుల ప్రచారం వస్తే అది ప్రకటన అవుతుంది. "ఫలానావారి సౌజన్యంతో" అన్నచోట ఆగితే విరాళం. "ఫలానా షోరూములో ఆషాఢం తగ్గింపు" అని బ్యానరు కడితే వ్యాపారం, దానికి పన్ను లెక్క వేరు. చిక్కపేట, నగర్తపేట వర్తకులు ఉదారంగా ఇస్తారు. వాళ్లకు బ్యానరు మీద ఎంత చోటు, ఏ మాటలు అన్నది డబ్బు తీసుకునే ముందే చెబితే ఇద్దరికీ గౌరవం.

దాత పెట్టిన షరతు

డబ్బుతో పాటు షరతు కూడా వస్తుంది. షరతంటే చెడ్డది కానక్కర్లేదు.

బెంగళూరు నాగరత్నమ్మ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1878లో పుట్టిన ఆ గాయని, 1910లో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని అచ్చువేయించిన సాహసి. త్యాగరాజస్వామి సమాధి తిరువయ్యారులో పాడుబడి ఉందని తెలిసి, తన సంపాదన ధారపోసి అక్కడ మందిరం కట్టించింది. 1925 జనవరిలో దానికి కుంభాభిషేకం జరిగింది. అప్పటికే అక్కడ ఆరాధన పేరుతో రెండు వర్గాలు. పెరియ కట్చి, చిన్న కట్చి అంటూ ఎవరి ఉత్సవం వారిదే, ఎవరి చందాలు వారివే. ఆ వేదికల మీద ఆడవాళ్లకు పాడే అవకాశం లేదు. ఆమె ఆడవాళ్లతో వేరే ఆరాధన నడిపింది. 1940 ప్రాంతానికి వర్గాలన్నీ ఒక్క సభ కిందికి వచ్చాయి, ఆడవాళ్లూ పాడారు. ఆమె అక్కడితో సరిపెట్టలేదు. వీలునామా రాయించి, తన ఆస్తిని ట్రస్టు కింద పెట్టి, దేవదాసీలతో సహా ఆడవాళ్లకు ఆ సమాధి దగ్గర పూజకూ గానానికీ ఉన్న హక్కును అందులో పొందుపరిచింది. 1952లో ఆమె కన్నుమూసింది.

నాగరత్నమ్మ ఆ షరతును మాటగా చెప్పి వదిలేసి ఉంటే, తర్వాత వచ్చిన నిర్వాహకుల దయ మీద అది ఆధారపడేది. కాగితం మీద పెట్టింది కాబట్టి హక్కుగా నిలిచింది. షరతు పెట్టే దాతలు ఎదురైనప్పుడు సంఘం చేయాల్సింది కూడా ఇదే. వాళ్లు అడిగేది సంఘం ఆశయానికి సరిపోతుందో లేదో కార్యవర్గంలో చర్చించాలి. సరిపోతే ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. "మా నాన్నగారి పేరుతో ఏటా ఒక యువకవికి బహుమతి" అంటే అసలు మొత్తం ఎంత, వడ్డీ మీద నడుస్తుందా, వడ్డీ తగ్గితే ఏం చేయాలి, న్యాయనిర్ణేతలను ఎవరు ఎంచాలి అన్నవన్నీ అందులో ఉండాలి. బహుమతి ఎవరికి ఇవ్వాలో కూడా తానే చెబుతానంటే, ఆ డబ్బును మర్యాదగా వద్దనాలి.

దేశస్థాయిలో దీనికి ఒక నమూనా ఉంది. 1890 నాటి ధర్మాదాయ చట్టం కింద కేంద్రం 1996 నవంబరులో జాతీయ సంస్కృతి నిధిని ఏర్పాటు చేసింది. అక్కడ దాత ఫలానా కట్టడానికో, ఫలానా కళకో అని ప్రత్యేకంగా ఇవ్వవచ్చు. ఒప్పందం రాసుకుంటారు, పనికి కమిటీ వేస్తారు. లెక్కలు కాగ్ చూస్తుంది. ఇతర దేశాల్లో దారులు వేరు. ఫిలిప్పీన్స్ 1992లో జాతీయ సంస్కృతి, కళల కమిషన్‌కు చట్టం చేసినప్పుడు ప్రయాణ పన్నులో పదో వంతు సంస్కృతి నిధికి కేటాయించింది. అమెరికాలో 1965లో పుట్టిన జాతీయ కళల సంస్థ గ్రాంటు ఇస్తే, తీసుకునే సంఘం సాధారణంగా అంతే మొత్తం తానూ సమకూర్చుకోవాలి. బయటి సొమ్ము పూర్తిగా ఆసరా అయిపోకుండా ఆ పద్ధతి సంఘాన్ని తన ఊరి గడప తొక్కిస్తుంది.

అమెరికా తమ్ముడు పంపిన డబ్బు

తెలుగు సంఘాలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడ. నగర్తపేట సంఘంలో ఒకాయన తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. "లక్ష పంపుతున్నా అన్నయ్యా, సంఘం ఖాతా నంబరివ్వు" అన్నాడు. అన్నయ్య మొదట అడగాల్సిన ప్రశ్న: "నీది ఏ పాస్‌పోర్టురా?"

తమ్ముడిది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, తన సొంత సంపాదనలోంచి పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. రక్తసంబంధం ఇక్కడ లెక్కలోకి రాదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషను గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషను కావాలంటే సంఘం సాధారణంగా మూడేళ్లు నడిచి, ఆ మూడేళ్లలో తన ఆశయాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలని 2020 నియమాలు చెప్పాయి. అదే ఏడాది వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే ముందు రావాలి. పరిపాలన ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు. అంతకుముందు ఆ పరిమితి 50 శాతం. ఇంకో సంఘానికి దాన్ని బదిలీ చేయడానికీ వీల్లేదు.

సమ్మేళనాలకు పనికొచ్చే ఒక వెసులుబాటు మాత్రం ఉంది. విదేశీ ప్రతినిధులు కట్టే ప్రతినిధి రుసుం ఆ సమ్మేళనం నిర్వహణకే ఖర్చయితే, దాన్ని విదేశీ విరాళంగా చూడనక్కర్లేదని హోం శాఖ వివరణ ఇచ్చింది. డల్లాస్ తమ్ముడు సభకు వచ్చి రుసుం కట్టి, రసీదు తీసుకుని, రెండు రోజులూ కూర్చుని భోంచేసి వెళ్లవచ్చు. అన్నయ్యకు అంతకన్నా కావాల్సిందేముంది.

మార్కెట్టు పూలకు బిల్లు ఎక్కడిది

ఖర్చుల విషయంలో కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి మంచి గురువు. 2017లో అది వచ్చినప్పుడు 25 వేల రూపాయల దాకా కొటేషన్లు లేకుండా కొనవచ్చంది. అక్కడి నుంచి రెండున్నర లక్షల దాకా ముగ్గురు సభ్యుల కమిటీ స్వయంగా మార్కెట్టుకు వెళ్లి, ధరలు విచారించి, ఇదే సరైన ధర అని సంతకాలు పెట్టాలంది. ప్రైవేటు సంఘానికి ఆ అంకెలు యథాతథంగా అక్కర్లేదు. ముగ్గురూ కలిసి వెళ్లడం అన్న పద్ధతి మాత్రం పనికొస్తుంది. శామియానా, భోజనాలు, అచ్చు, ఈ మూడింటికీ మూడేసి కొటేషన్లు తీసుకుంటే సగం గొడవలు పుట్టవు.

ప్రెస్సు ఉన్న సభ్యుడి సంగతేమిటి? ఆయన కొటేషను ఇవ్వవచ్చు. ఆ రోజు ఆ చర్చలో కూర్చోకూడదు, ఓటు వేయకూడదు. ఆయన బయటికి వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. నిర్వాహకులకు గానీ, వాళ్ల బంధువులకు గానీ సంఘం సొమ్ముతో అనుచితమైన లాభం చేకూరితే పన్ను మినహాయింపే పోయే ప్రమాదం ఉంది. ధర న్యాయమైనదే అయినా, కాగితం లేకపోతే న్యాయమని చెప్పుకునే వీలుండదు.

నగదుకూ హద్దుంది. ఒకే మనిషికి ఒకే రోజు పది వేలకు మించి నగదు ఇస్తే, ఆ ఖర్చును సంఘం తన ఆశయానికి వాడినట్టు లెక్కలో చూపలేదని 2018 నుంచి నియమం. భోజనాల కాంట్రాక్టరుకు 1,20,000 ఇచ్చేటప్పుడు, ఆయన వ్యక్తిగతంగా వ్యాపారం చేసేవాడైతే ఒక శాతం, అంటే 1,200 రూపాయలు పన్ను కింద మినహాయించి కట్టాలి. రిజిస్టరైన సంఘాలకూ ఈ బాధ్యత ఉంది. చాలామందికి ఇది నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

ఇంతకీ పూల సంగతి. నగర్తపేట నుంచి కె.ఆర్. మార్కెట్టు నడిచి వెళ్లేంత దూరం. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ చేమంతులు, గులాబీలు, మల్లెలు కుప్పలు పోసి ఉంటాయి. అమ్మే ఆమె దగ్గర బిల్లు పుస్తకం ఉండదు. చేత్తో లెక్కపెట్టి, డబ్బు రొంటిన దోపుకుని ఇంకొకరివైపు తిరుగుతుంది. కొన్న కార్యకర్త ఆ చోటే తెల్లకాగితం తీసి రాసుకోవాలి. తేదీ, సమయం, చేమంతులు ఎన్ని మూరలు, మూర ఎంత, గులాబీలు ఎన్ని కిలోలు, కిలో ఎంత, మొత్తం ఎంత. కింద తన సంతకం, వెంట వచ్చిన రెండో మనిషి సంతకం. ఇదే వోచరు. ఆటోకూ ఇంతే. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎంత. "నానా ఖర్చులు: 8,400" అని ఒక్క ముక్కలో రాసిన పద్దు కన్నా, మడతలు పడి పసుపంటిన ఈ కాగితాలు పది ఉంటే ఆడిటరు ఎక్కువ నమ్ముతాడు.

అతిథుల ప్రయాణ ఖర్చు నియమాన్ని ఆహ్వానపత్రంతోపాటే పంపాలి. రైలు అయితే ఏ తరగతి, విమానం అయితే ఎవరికి, టికెట్టు సంఘం కొంటుందా లేక వాళ్లు కొని బిల్లు ఇస్తారా, తోడు వచ్చేవారి ఖర్చు ఎవరిది. పెద్దవయసు రచయితలకు తోడు తప్పనిసరి కాబట్టి డెబ్బై దాటినవారి తోడుకు కూడా సంఘమే ఇస్తుందని నియమంలోనే రాసుకుంటే, ఏ పెద్దాయనా నోరు తెరిచి అడగాల్సిన పని రాదు. పారితోషికాన్ని కవరులో పెట్టి చేతికివ్వడం కన్నా, సభ రోజే బ్యాంకు ఖాతాకు పంపడం మేలు. ఆరు గంటలకు పాడిన గాయనికి ఏడు గంటలకల్లా ఫోన్‌లో సందేశం వస్తే, ఆ సంఘం పేరు ఆమె పదిచోట్ల చెబుతుంది.

గ్రాంటు తీసుకుంటే

కేంద్ర సంస్కృతి శాఖ సాంస్కృతిక కార్యక్రమాలకు సాయం చేసే పథకాలు నడుపుతోంది. ఇలాంటి సాయం వాయిదాల్లో వస్తుంది. చివరి వాయిదా కార్యక్రమం ముగిసి, లెక్కలు చూశాకే. అంటే సమ్మేళనం జరిగే రోజుకు ఆ భాగం సంఘం తన చేతినుంచి పెట్టుకోవాల్సిందే. గ్రాంటుకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. దీనికి సాధారణ ఆర్థిక నియమావళిలో 12-ఎ అని ఒక నమూనా ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లో అది చేరాలి. అందలేదంటే తర్వాతి గ్రాంటు ఆగిపోతుంది. గ్రాంటు డబ్బును వేరే పద్దులో ఉంచి, దాని వోచర్లను వేరే దస్త్రంలో గుచ్చితే ఈ పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

సభ ముగిశాక ముప్పై రోజులు

సమ్మేళనం అయిపోయింది. బ్యానర్లు విప్పేశారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. అందరూ అలసిపోయారు, ఎవరికీ లెక్కలు చూసే ఓపిక లేదు. అసలైన పని అప్పుడే మొదలవుతుంది. మొదటి వారంలో రసీదు పుస్తకాలన్నీ వెనక్కి రావాలి, రాయనివి కూడా. పొరపాటున చెడిపోయిన రసీదును చించి పారేయకూడదు. దాత ప్రతి, సంఘం ప్రతి రెండూ కలిపి పిన్ను కొట్టి, అడ్డంగా "రద్దు" అని రాసి అందులోనే ఉంచాలి. రెండో వారంలో అడ్వాన్సులు తేలాలి. మూడో వారంలో బ్యాంకు పాసుపుస్తకంతో చిట్టా సరిచూడాలి. నాలుగో వారంలో జమాఖర్చుల పట్టిక సభ్యులందరికీ వాట్సాప్‌లో చేరాలి. దాతలకు కూడా పంపితే ఇంకా మంచిది.

కర్ణాటక 1960 సంఘాల చట్టం ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశం తర్వాత పద్నాలుగు రోజుల్లో కార్యవర్గం జాబితా, ఆడిటైన ఆస్తి అప్పుల పట్టికతో సహా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మూడో వంతు సభ్యులు కోరితే రిజిస్ట్రారు విచారణ జరిపించే వీలూ అందులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2001 చట్టం ఇలాంటి పని చేస్తుంది. డబ్బు మిగిలితే వచ్చే ఏడాది నిధిలో వేయాలా, దాత అనుమతితో పుస్తకాలు కొనాలా అన్నది సర్వసభ్య సమావేశమే తేల్చాలి.

అలాంటి ఓ సమావేశాన్ని నగర్తపేట పై అంతస్తులోకి తీసుకొస్తే దృశ్యం ఇలా ఉంటుంది. ఆదివారం సాయంత్రం, నలభై మంది సభ్యులు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి లేచి పట్టిక చదువుతున్నారు. బడ్జెట్టు ఐదు లక్షలు, ఖర్చు 4,88,260. వెనక వరసలోంచి ఓ కుర్రాడు చెయ్యెత్తాడు. కొత్తగా చేరాడు, పెద్దల ముందు అడగడానికి మొహమాటపడుతున్నాడు.

"కోశాధికారి గారూ, పూలకు 11,640 అని ఉంది. రెండు రోజులకు అంతవుతుందాండీ?"

ఎవరూ కసురుకోలేదు. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, దస్త్రంలో పసుపంటిన కాగితాల కట్ట తీశారు. "రా బాబూ, ఇక్కడికి రా" అని పిలిచి, మొదటి రోజు తెల్లవారుజాము వోచరు చేతికిచ్చారు. కుర్రాడు మూరలు, ధరలు వేలితో చూపుతూ కూడుకుంటున్నాడు. రెండో కాగితం దగ్గర ఆగాడు.

"ఇక్కడ నలభై రూపాయలు తక్కువ కూడారండీ."

కోశాధికారి కలం మూత తీశారు.